స్కూలు హోర్డింగు మీద స్వామి బొమ్మ, అసెంబ్లీలో సహస్రనామం: తిరుపతిలో ఎంతవరకు చెల్లుతుంది?

మీరు అడిగింది నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. తిరుపతిలో మీకు ఏడో తరగతి దాకా ప్రైవేటు స్కూలుంది. జూన్ అడ్మిషన్ల కోసం అలిపిరి రోడ్డులో ఒక హోర్డింగు, ఆర్టీసీ బస్సుల వెనక ప్రకటన వేయించాలనుకుంటున్నారు. పైన శ్రీవారి బొమ్మ, కింద "గోవిందుడి ఆశీస్సులతో మీ బిడ్డకు ర్యాంకు ఖాయం" అన్న మాట. స్కూల్లో రోజూ అసెంబ్లీలో పది నిమిషాలు విష్ణు సహస్రనామం, నెలకోసారి గీతా శ్లోకాల పోటీ. ఒక క్రైస్తవ కుటుంబం, ఒక ముస్లిం కుటుంబం అభ్యంతరం చెబుతూ ఉత్తరాలిచ్చాయి. "ఇది తిరుపతి కదా సార్, ఇక్కడ కూడా తప్పేనా?" అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే, బోర్డు మీద స్వామి బొమ్మ వేస్తే నేరం కాదు. దాని కింద "ఖాయం" అని రాయడమే మిమ్మల్ని ఇరుకున పెడుతుంది. పిల్లలకు శ్లోకాలు నేర్పొచ్చు. కానీ తల్లిదండ్రులు వద్దన్న బిడ్డను ఆ పది నిమిషాలు వరుసలో నిలబెట్టడానికి మీకు హక్కు లేదు. ఆ రెండు ఉత్తరాలు ఈరోజు రాకపోయినా మీకు ఆ హక్కు లేదు. ఊరు తిరుపతి కావడం వల్ల ఈ సంగతిలో మార్పేమీ ఉండదు. తిరుపతి అయినందువల్ల అదనంగా చూసుకోవలసినవి కొన్నున్నాయి, అవి ప్రకటనల దగ్గర చెబుతాను.

హోర్డింగు జూలైలో దిగిపోతుంది, అసెంబ్లీ రోజూ ఉంటుంది. అందుకే ముందు స్కూలు సంగతి.

రాజ్యాంగంలో 28వ అధికరణం తీసి చదవండి, మూడే ఖండికలు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదని మొదటిది చెబుతుంది. జిల్లా పరిషత్, మండల పరిషత్, మున్సిపల్ బడులు దీని కిందికి వస్తాయి. మతబోధ చేయాలనే షరతుతో ఏదైనా ధర్మనిధి, ట్రస్టు కింద పుట్టి, ప్రభుత్వం నిర్వహణలో ఉన్న సంస్థలకు రెండోది మినహాయింపు ఇస్తుంది. మీకు తగిలేది మూడోది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ సాయం పొందే విద్యాసంస్థలో చదివే ఎవరినైనా మతబోధలో పాల్గొనమని గానీ, ఆరాధనకు హాజరు కమ్మని గానీ వాళ్ళ ఒప్పుదల లేకుండా బలవంతపెట్టకూడదు. మైనరైతే సంరక్షకుల ఒప్పుదల కావాలి.

ఆ "లేదా" దగ్గరే చాలామంది కరస్పాండెంట్లు జారిపోతారు. "మాకు ప్రభుత్వం రూపాయి ఇవ్వదు, మా స్కూలు మా ఇష్టం" అంటారు. రూపాయి అక్కర్లేదండీ, గుర్తింపు ఉంటే చాలు. మీ పిల్లలకు చెల్లే టీసీ ఇవ్వగలుగుతున్నారంటే ఆ ఖండిక మీకు వర్తిస్తున్నట్టే. ఇంకో మాట కూడా ఉంది అందులో: ఆరాధన స్కూల్లో జరిగినా, "దానికి చేర్చి ఉన్న ఆవరణలో" జరిగినా ఒకటే. కాంపౌండులో ఓ మూల చిన్న వినాయకుడి గుడి కట్టి, "అది గుడి, స్కూలు కాదు" అంటే నడవదు.

ఒప్పుదల అంటే ఎవరూ వద్దనకపోవడం కాదు. ఎనిమిదేళ్ళుగా ఎవరూ అడ్డు చెప్పలేదు అన్నారు మీరు. సీటు పోతుందనో, టీచరు బిడ్డను చిన్నచూపు చూస్తుందనో నోరు విప్పని తల్లిదండ్రులు ఎంతమందో మీకు తెలిసే మార్గం లేదు. మైనారిటీ స్కూళ్ళకూ ఇదే లెక్క. 30వ అధికరణం వాళ్ళకు స్కూలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది గానీ 28(3) నుంచి తప్పించలేదు. చిత్తూరులో ఒక మిషన్ స్కూల్లో మీ మేనల్లుడు చదువుతూ, బైబిల్ పీరియడ్‌కు కూర్చోకపోతే అటెండెన్స్ వేసేది లేదని వాళ్ళంటే మీరు ఏమని ఉత్తరం రాసేవారో ఊహించుకోండి. మీ బల్ల మీద ఇప్పుడున్న రెండు ఉత్తరాల్లో ఉన్నది అదే.

"టీటీడీ స్కూళ్ళలో చేస్తున్నారు కదా" అని అడిగేవాళ్ళూ ఉంటారు. దేవస్థానం ధర్మప్రచారం ఒక లక్ష్యంగా పెట్టుకుని నడిపే సంస్థలవి. ధర్మగిరి వేదపాఠశాల అయితే వేదం నేర్పడానికే పుట్టింది. ప్రధానంగా మతవిద్య నేర్పే మదరసాలకు, వేదపాఠశాలలకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2012 సవరణలో స్పష్టంగా రాశారు. నర్సరీ, ఎల్‌కేజీ సీట్లు అమ్ముకునే మనం వాళ్ళతో పోల్చుకోకూడదు.

ఇక ఏది పాఠం, ఏది ఆరాధన? అసలు చిక్కు ఇక్కడే. మత సంబంధమైన ప్రతిదీ నిషిద్ధమనుకుని భయపడే హెడ్మాస్టర్లను చూస్తే జాలేస్తుంది. సుప్రీంకోర్టు 1971లో పంజాబ్ డీఏవీ కాలేజీ కేసులో గురునానక్ జీవితం, బోధనలను చదువుగా అధ్యయనం చేయడం మతబోధ కాదంది. 2002లో అరుణా రాయ్ కేసులోనూ మతాల గురించి, వాటిలోని విలువల గురించి పిల్లలకు చెప్పడానికి 28వ అధికరణం అడ్డు కాదంది. కాబట్టి తిరుపతి పిల్లలకు తిరుమల చరిత్ర చెప్పడానికి ఎవరికీ భయపడక్కర్లేదు. 1513 మొదలుకొని కృష్ణదేవరాయలు ఏడుసార్లు కొండకు రావడం, ఆయన, ఇద్దరు దేవేరుల రాగి విగ్రహాలు గుళ్ళో ఇప్పటికీ ఉండడం, రామానుజులు కొండ మీద పూజావిధానాన్ని ఒక పద్ధతిలో పెట్టడం, సంకీర్తనలు చెక్కిన తాళ్ళపాక వారి రాగిరేకులు గుడిలోని అరలో శతాబ్దాల పాటు ఉండిపోవడం, ఇదంతా చరిత్ర, సాహిత్యం. ఫాతిమాకూ డేవిడ్‌కూ కూడా అది వాళ్ళ ఊరి చరిత్రే.

గీత గీయడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. ఆ పాఠాన్ని వేరే మతం టీచరు ఇబ్బంది లేకుండా చెప్పగలగాలి. వేరే మతం విద్యార్థి తన నమ్మకం పక్కన పెట్టకుండానే జవాబు రాసి పూర్తి మార్కులు తెచ్చుకోగలగాలి. "అన్నమయ్య కులభేదాన్ని ఎలా కాదన్నాడు?" అనేది ఈ పరీక్షలో నెగ్గుతుంది. "స్వామి మహిమ గురించి నీ అనుభవం రాయి" అనేది నెగ్గదు. అదే సంకీర్తనను తెలుగు పీరియడ్‌లో రాగం తీసి పాడిస్తే పాఠం. దీపం వెలిగించి, చెప్పులు విప్పించి, చేతులు జోడించమని పాడిస్తే ఆరాధన. పాట ఒకటే అయినా చుట్టూ మీరు పేర్చిన సరంజామా దాన్ని మార్చేస్తుంది. అసెంబ్లీలో మీరు చదివించే సహస్రనామం రెండో కోవలోదే, అందులో వాదించడానికేమీ లేదు. అంతకంటే పలచనైన సందర్భం మీద కూడా వివాదం నడిచింది. కేంద్రీయ విద్యాలయాల్లో చదివించే సంస్కృత ప్రార్థన మీద వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2019 జనవరిలో పెద్ద ధర్మాసనానికి పంపింది.

మరి సహస్రనామం మానేయాలా? అక్కర్లేదు. బడి గంట కొట్టకముందే పెట్టండి. ఇప్పుడు మీ మొదటి గంట 8:40కి అనుకుందాం. 8:25 నుంచి 8:37 దాకా ఒక హాల్లో పారాయణం పెట్టండి, ఇష్టమున్న పిల్లలు వస్తారు. 8:40కి గంట కొట్టి అటెండెన్స్ తీసుకున్నాకే అందరితో అసెంబ్లీ మొదలవ్వాలి. అందులో ప్రతిజ్ఞ, ఒక వేమన పద్యం, నాలుగు వార్తలు, ఒక పుట్టినరోజు, చివర 52 సెకన్ల జాతీయగీతం. ఇలా చేస్తే "రాని పిల్లలు" అనే గుంపే ఏర్పడదు. ఆ పన్నెండు నిమిషాలూ బడికి ఇంకా రాని పిల్లలు చాలామందే ఉంటారు, వాళ్ళలో హిందువులూ ఉంటారు.

పారాయణాన్ని అసెంబ్లీ మధ్యలోనే ఉంచి, వద్దన్న పిల్లలను పక్కకు పంపే పద్ధతి చట్టపరంగా నిలబడొచ్చు గానీ, నడిపేటప్పుడు చెడిపోతుంది. ఆ ఇద్దరు పిల్లలనూ వరండాలో నిలబెడతారు. వరండాలో నిలబెట్టడం అన్ని బడుల్లోనూ శిక్షే కాబట్టి మిగతా పిల్లలకు అది శిక్షలాగే కనిపిస్తుంది. వారానికల్లా ఆ పిల్లలకు ఒక ముద్దుపేరు పడుతుంది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. ఫిర్యాదు ఎంఈఓ దగ్గరికి వెళ్తే ఆయన సహస్రనామం గురించి అడగడు, వరండా గురించి అడుగుతాడు. తప్పనిసరై అలా పంపాల్సి వస్తే లైబ్రరీకి, ఒక టీచరును తోడిచ్చి, చేతికి పుస్తకమిచ్చి పంపండి.

"అయితే సర్వమత ప్రార్థన పెట్టేస్తాం, గొడవే ఉండదు" అనేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. ఒక శ్లోకం, ఒక బైబిల్ వాక్యం, ఒక ఖురాన్ ఆయత్. వినడానికి బాగుంటుంది. కానీ ఒక ప్రార్థనకు ఒప్పుదల కావలసి వస్తే, మూడు ప్రార్థనలకు మూడు ఒప్పుదలలు కావాలి. వేరే దేవుడి ప్రార్థన చేయనన్న బిడ్డకు మీరు ఇబ్బందిని తగ్గించలేదు, మిగతా పిల్లలకు కూడా పంచారు. నా మాట వింటే దాని జోలికి పోవద్దు.

ఒప్పుదల పత్రం గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే పొరపాట్లన్నీ దీంట్లోనే జరుగుతాయి. విడి కాగితం మీద ఉండాలి. అడ్మిషన్ ఫారంలో పద్నాలుగో షరతుగా "స్కూలు నిర్వహించే అన్ని కార్యక్రమాలకూ ఒప్పుకుంటున్నాను" అని దూర్చితే అది ఒప్పుదల అనిపించుకోదు. ఏ కార్యక్రమం, ఏ రోజుల్లో, ఎంతసేపు అన్నది రాయాలి. కింద రెండు గళ్ళు ఉండాలి: "పంపుతాను", "పంపను". రెండూ ఖాళీగానే అచ్చు వేయండి, ఒకదాంట్లో ముందే టిక్కు పెట్టొద్దు. కారణం అడగొద్దు. "ఎప్పుడైనా మార్చుకోవచ్చు" అన్న వాక్యం తప్పక ఉండాలి. ప్రతి విద్యాసంవత్సరం కొత్తగా తీసుకోండి. తెలుగుతో పాటు ఉర్దూలోనూ, చిత్తూరు వైపు పిల్లలుంటే తమిళంలోనూ అచ్చు వేయించండి. వెనక్కి రాని పత్రాన్ని "పంపను" కిందే లెక్కించాలి. పత్రాలు కవర్లో ఆఫీసుకు రావాలి. క్లాస్ టీచరు అందరి ముందు "ఎవరెవరు రారో చెయ్యెత్తండి" అన్నదంటే మీరు అచ్చు వేయించిన పత్రాలన్నీ దండగ.

శ్లోకాల పోటీ ఉంచుకోవచ్చు, రెండు జాగ్రత్తలతో. హౌస్ పాయింట్లకు, ప్రవర్తన గ్రేడుకు, ఇంటర్నల్ మార్కులకు దాన్ని ముడిపెట్టకండి. ముడిపెట్టిన రోజు అది ఐచ్ఛికం కాకుండా పోతుంది. అదే నెలలో సుమతీ, వేమన పద్యాల పోటీ, వక్తృత్వ పోటీ కూడా పెట్టి, మూడింటికీ ఒకే స్థాయి బహుమతులివ్వండి. బయటి సంస్థ వచ్చి పుస్తకాలు పంచుతామంటే ముందుగా మీరు పుస్తకం చదవండి. అందులో ఇతర మతాల మీద రెండు పేజీల విసుర్లుంటే, పంచినది మీరే అవుతారు.

జూన్‌లో సామూహిక అక్షరాభ్యాసం ఇప్పుడు మన ఊళ్ళో అడ్మిషన్ ప్రచారంలో భాగమైపోయింది. స్కూలు ముందు షామియానా, పలకలు, పసుపు బియ్యం, ఫొటోగ్రాఫరు. తల్లిదండ్రులే పక్కన కూర్చుంటారు గనుక ఒప్పుదల సమస్య దాదాపు ఉండదు. సమస్య ఫొటోలతో వస్తుంది. ఆ పిల్లల ముఖాలు మరుసటి వారం ఫ్లెక్సీకెక్కుతాయి. పూజకు ఒప్పుకున్నంత మాత్రాన ఫొటోకు ఒప్పుకున్నట్టు కాదు. 18 ఏళ్ళ లోపు వాళ్ళ వివరాలకు తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలని 2023 డేటా రక్షణ చట్టం కూడా చెబుతోంది. పలక పక్కనే ఇంకో చీటీ మీద సంతకం తీసుకోండి. పూజ వద్దని, పలక మీద అక్షరం మాత్రం దిద్దించుకుంటామనే కుటుంబానికి పక్క గదిలో టీచరు చేత దిద్దించండి, అదే రోజు, అదే పలక.

బొట్టు, సిలువ, తావీదు, స్కార్ఫ్ విషయానికొస్తే, కార్తీకంలో నల్లబట్టల మాలధారణకు మీరు యూనిఫాం సడలిస్తున్నారంటే మిగతావాళ్ళు అడిగినప్పుడు కూడా అదే కొలత వాడాలి. హిజాబ్ మీద 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులూ చెరో తీర్పు ఇచ్చారు, కనుక దాని పేరు చెప్పి ఎవరినీ గేటు దగ్గర ఆపొద్దు. కేరళలో జాతీయగీతం పాడకుండా గౌరవంగా నిలబడిన ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేస్తే 1986లో అదే కోర్టు వాళ్ళను తిరిగి చేర్చుకోమంది. జాతీయగీతానికే అంత వెసులుబాటు ఇచ్చినప్పుడు సహస్రనామానికి ఎంత ఉంటుందో మీరే లెక్కేసుకోండి.

ఇప్పుడు హోర్డింగు.

"ఆశీస్సులతో ర్యాంకు ఖాయం" అన్న వాక్యం తీసేయండి. ఏ స్కూలూ ర్యాంకుకు పూచీ ఇవ్వలేదు. దానికి స్వామిని జామీను పెడితే రెండు తప్పులవుతాయి. రుజువు చేయలేని హామీలను ప్రకటనల ప్రమాణాల సంస్థ ఆస్కీ నియమాలు ఒప్పుకోవు. 2019 వినియోగదారుల చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకు ఉంది. విద్య ఆ చట్టం కిందికి వస్తుందా రాదా అన్న వాదన కోర్టుల్లో నడుస్తోంది, నిజమే. ఆ వాదన మీద భరోసా పెట్టుకుని బోర్డు రాయించేవాడు తెలివైనవాడు కాదు.

లోకల్ కేబుల్లో స్క్రోలింగ్ వేయిస్తే ఇంకాస్త కట్టుదిట్టం. 1994 కేబుల్ టీవీ నిబంధనల్లో 7వది, ముఖ్యంగా మతపరమైన ఉద్దేశంతో ఉండే వాణిజ్య ప్రకటనలను, అద్భుత శక్తులున్నాయని నమ్మించే ప్రకటనలను ఒప్పుకోదు. హనుమాన్ చాలీసా యంత్రం కొంటే కష్టాలు పోతాయనే టీవీ ప్రకటనలను బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 2021 జనవరిలో చట్టవిరుద్ధమంది. "మా స్కూల్లో చేరితే సరస్వతీ యంత్రం ఉచితం, జ్ఞాపకశక్తి రెట్టింపు" లాంటివి ఆ కోవలోకే వస్తాయి.

తిరుపతి కాబట్టి అదనంగా చూసుకోవలసినవి అన్నాను కదా, అవి ఇవి.

మొదటిది, మీరు టీటీడీ అన్న భ్రమ కలిగించొద్దు. మన ఊళ్ళో పంక్చర్ షాపు నుంచి ట్రావెల్స్ దాకా అందరూ శ్రీ వేంకటేశ్వరే, బాలాజీయే, పద్మావతే. పేరు పెట్టుకోవడానికి అడ్డు లేదు. దాన్ని మీ ఒక్కరి సొత్తు చేసుకుందామంటే మాత్రం కుదరదు. రామాయణం పేరును అగరబత్తులకు ట్రేడ్‌మార్కుగా ఇవ్వడానికి 2015లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కానీ శ్రీ వేంకటేశ్వర పేరు, శంఖుచక్రాల మధ్య నామం, దేవస్థానం బోర్డుల్లో కనబడే పసుపు, కాషాయం, ఈ మూడూ ఒకే హోర్డింగు మీద కలిస్తే పీలేరు నుంచో, సత్యవేడు నుంచో వచ్చిన తండ్రి అది దేవస్థానం బడే అనుకుంటాడు. ఫీజు కౌంటరు దగ్గరికొచ్చాక సంగతి తెలుస్తుంది. టీటీడీ చిహ్నం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడొద్దు.

రెండోది, దర్శనం, లడ్డూ ఎర వేయొద్దు. "అడ్మిషన్ తీసుకున్న కుటుంబానికి బ్రేక్ దర్శనం" అని పాంప్లెట్‌లో వేస్తే టీటీడీ విజిలెన్సు వాళ్ళ దృష్టిలో దళారీ అవుతారు. దర్శనం టికెట్టు ఆధార్‌తో, పేరు మీద వస్తుంది, బహుమతిగా చేతులు మారేది కాదు. తిరుపతి లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరు దేవస్థానానిది. మీ స్వీటు షాపు లడ్డూను ఆ పేరుతో పంచకూడదు.

మూడోది, చోటు. 2019 ఆగస్టులో తిరుమల వెళ్ళే బస్సుల్లో టికెట్ల వెనక హజ్, జెరూసలేం యాత్రల ప్రకటన కనబడి ఎంత రగడ అయిందో మీకు గుర్తుండే ఉంటుంది. నెల్లూరుకు పోవలసిన టికెట్ రోల్స్ తిరుపతికి వచ్చాయని ఆర్టీసీ చెప్పింది. ప్రకటనలో తప్పుడు మాట ఒక్కటి లేదు. నెల్లూరు బస్సులో ఎవరూ తిప్పి కూడా చూడని కాగితం ఘాట్ రోడ్డెక్కేసరికి రాష్ట్రమంతా వార్త అయింది. తిరుమల లాంటి నోటిఫై చేసిన పుణ్యక్షేత్రాల్లో ఇతర మతాల ప్రచారాన్ని నిషేధించే చట్టం 2007 నుంచి ఉంది కూడా. మీది శ్రీవారి బొమ్మే గనుక మీకు ఆ చిక్కు లేదు. అయినా బస్సు వెనక వేసే ముందు ఆ బస్సు ఏ రూటుదో అడిగి తెలుసుకోండి. బస్సు వెనక భాగం అంటే బురద, పొగ, మనిషి మోకాలి ఎత్తు. అక్కడ దేవుడి బొమ్మ వేయించడం నాకు నచ్చదు, మీ ఖాతాదారుల్లో సగం మందికి కూడా నచ్చదు.

"మనోభావాలు దెబ్బతిన్నాయని కేసు పెడితే?" అనీ అడిగారు. భారతీయ న్యాయ సంహిత 299 సెక్షన్ (పాత 295ఎ) ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో మతాన్ని అవమానిస్తేనే వర్తిస్తుంది. ధోనీని విష్ణువులా చూపించి, చేతుల్లో కంపెనీల సరుకులు పెట్టిన పత్రిక ముఖచిత్రం మీద మన పక్కనే అనంతపురంలో కేసు నడిచింది. 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. చట్టం మీ పక్షానే ఉంటుంది. అది చెప్పించుకోవడానికి ఢిల్లీ దాకా పోయే ఓపిక, డబ్బు మీకున్నాయా అన్నది వేరే లెక్క.

ఇంతా చెప్పాక కూడా స్వామి బొమ్మ ఉండాల్సిందే అంటే, ప్రింటింగ్ జాగ్రత్తలు చెబుతాను. ఎందుకంటే మనోభావాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, అదీ భక్తులవే. పెద్ద బోర్డుకు ఫ్లెక్సీని ముక్కలుగా వేసి వేడితో అతికిస్తారు. ఆ అతుకు స్వామి ముఖం మీద పడకుండా డిజైన్లోనే చూడమనండి. అంచు నుంచి అరడుగు వదిలిపెట్టండి, లేకపోతే తాడు కట్టే ఐలెట్ రంధ్రం కిరీటంలోంచి పోతుంది. బొమ్మ పైన ఉండాలి, కరస్పాండెంటు ఫొటో దానికంటే చిన్నదిగా ఉండాలి (ఇది చెప్పాల్సి రావడమే సిగ్గుచేటు, అయినా ఊళ్ళో బోర్డులు చూస్తున్నాం కదా). పాంప్లెట్ మీద, క్యారీ బ్యాగు మీద అసలు వద్దు. పాంప్లెట్ సాయంత్రానికి బజ్జీల బండికి చేరుతుంది.

సీజన్ అయ్యాక పాత ఫ్లెక్సీని బోర్డు వాళ్ళు ఊరికే పారేయరు, అమ్మేస్తారు. అది గడ్డివాము మీదో, పశువుల కొట్టం చుట్టూనో, టమోటా మండీలో బాక్సుల కిందో తేలుతుంది. ఎవరో ఒకరు స్వామి మీద గేదె నిలబడిన ఫొటో తీసి, కింద మీ స్కూలు ఫోన్ నంబరు కనబడేలా వాట్సాప్‌లో పెడతారు. అందుకని ఒప్పందంలోనే "దించిన ఫ్లెక్సీని స్కూలుకు తిరిగి ఇవ్వాలి" అని రాయించుకోండి, ఆఖరి వాయిదా డబ్బు దానికి ముడిపెట్టండి. వచ్చాక బొమ్మ భాగాన్ని కత్తిరించి విడిగా ఉంచండి. కాల్చొద్దు, అది పీవీసీ, పొగ విషం.

నన్నడిగితే బొమ్మ బదులు ఏడుకొండల రేఖ ఒకటి గీయించండి, చాలు. తిరుపతిలో స్వామి లేని బోర్డు లేదు కాబట్టి చూసేవాడి కన్ను దాని మీద ఆగదు. మిగిలిన చోట ఇది రాయండి: నర్సరీ నుంచి ఏడో తరగతి, గుర్తింపు సంఖ్య, తరగతికి ఎంతమంది, ఏడాది ఫీజు మొత్తం, బస్సు ఏ రూట్లలో తిరుగుతుంది. ఫీజు బోర్డు మీద వేసే స్కూలు అరుదు, అందుకే అది చదువుతారు. కార్పొరేషన్ అనుమతి, స్థలం యజమానితో రాతపూర్వక ఒప్పందం, ఫ్రేము గట్టిదనానికి ఇంజనీరు సర్టిఫికెట్ లేకుండా బోర్డు ఎక్కించొద్దు. ఈ సంగతి దేవుడు లేని బోర్డులకూ వర్తిస్తుంది.

ఆ రెండు కుటుంబాలకు ఈ వారంలోనే జవాబు రాయండి, ఫోన్లో మాట్లాడి వదిలేయొద్దు. ఇద్దరికీ విడివిడి ఉత్తరాలు, మాటలు మాత్రం ఒకటే: "మీ ఉత్తరం ఫలానా తేదీన అందింది. ఫలానా తేదీ నుంచి పారాయణం మొదటి గంటకు ముందు, ఇష్టమున్న పిల్లలకు మాత్రమే జరుగుతుంది. దాని హాజరు లెక్కలోకి రాదు. మీ బిడ్డ 8:40కి వస్తే చాలు. ఈ విషయంలో బడిలో ఎవరైనా బిడ్డను ఏమైనా అంటే నేరుగా నాకు చెప్పండి." కింద మీ సంతకం, ఫోన్ నంబరు. సోమవారం గ్రీవెన్సులో కలెక్టరేట్‌కు అర్జీ వెళ్ళినా, డీఈఓ ఆఫీసు నుంచి మెమో వచ్చినా ముందుగా అడిగేది ఈ కాగితాన్నే. టీచర్ల మీటింగులో ఉత్తరాన్ని చదివి వినిపించండి, కానీ కుటుంబాల పేర్లు చెప్పకుండా. స్టాఫ్ రూములో పేరు తెలిస్తే క్లాసురూముకు చేరడానికి ఒక పీరియడ్ కూడా పట్టదు.